డెక్స్‌ట్రాన్‌సుక్రేజ్: పంచదారలోంచి బంక ఎలా పుడుతుంది?

కోసిన చెరకును రెండు మూడు రోజులు అలాగే వదిలేసి గానుగ ఆడితే వచ్చే రసం వేళ్ళ మధ్య జారుతుంది, బాగా పాడైతే తీగలా సాగుతుంది. వడకట్టబోతే గుడ్డ పూడుకుపోతుంది. పొద్దున్నే నాలుకకు తగిలే పంటి పాచిని పట్టి ఉంచేది కూడా ఇలాంటి బంకే. యుద్ధంలో గాయపడి రక్తం కారిపోయిన సైనికులకు ఒకప్పుడు సీసాలతో ఎక్కించిన ద్రవంలో ఉన్నదీ ఈ కుటుంబానికి చెందిన పదార్థమే.

ఈ మూడు చోట్లా పనిచేసింది ఒకే తరహా ఎంజైమ్, అంటే రసాయన మార్పులను నడిపించే ప్రోటీన్. సుక్రోజ్‌ను విడగొట్టి, అందులోని గ్లూకోజ్‌ను ఒకదానికొకటి అతికిస్తూ పొడవాటి గొలుసులు కడుతుంది. వాటిలో ముందుగా తెలిసినది, ఎక్కువగా పరిశోధన జరిగినది డెక్స్‌ట్రాన్‌సుక్రేజ్. పళ్ళకు పంచదార కంటే బెల్లం మేలా, నిలవ చెరకులో పోయిన చక్కెర ఎక్కడికి పోయింది, ఇడ్లీ పిండి జిగురుకు బ్యాక్టీరియానే కారణమా అనే ప్రశ్నలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ముందు పదాలు తేల్చుకుందాం

సుక్రోజ్ అంటే మనం వాడే పంచదారే. ఒక గ్లూకోజ్ అణువు, ఒక ఫ్రక్టోజ్ అణువు అతుక్కుంటే ఒక సుక్రోజ్ అవుతుంది. బెల్లంలోనూ చెరకు రసంలోనూ తీపికి ప్రధాన కారణం ఇదే.

ఒకే రకం చిన్న అణువులు వందలూ వేలూ వరసగా అతుక్కుంటే దాన్ని పాలిమర్ అంటారు. అన్నంలోని స్టార్చ్, పత్తిలోని సెల్యులోజ్, ఇప్పుడు చెప్పుకుంటున్న డెక్స్‌ట్రాన్, మూడూ గ్లూకోజ్ పాలిమర్లే. ఒకటి కడుపు నింపుతుంది, ఒకటి బట్టవుతుంది, ఒకటి బంకవుతుంది. గ్లూకోజ్‌లు ఎక్కడ, ఏ తీరులో అతుక్కున్నాయి అన్నదాన్ని బట్టే ఈ తేడా.

గ్లూకోజ్‌లోని ఆరు కార్బన్లకు 1 నుంచి 6 వరకు నంబర్లు వేస్తారు. ఒక గ్లూకోజ్‌లోని 1వ కార్బన్ పక్క గ్లూకోజ్‌లోని 4వ కార్బన్‌కు ఆల్ఫా తీరులో అతుక్కుంటే స్టార్చ్ గొలుసు. అదే తీరులో 6వ కార్బన్‌కు అతుక్కుంటే డెక్స్‌ట్రాన్. ఇది వదులుగా మెలికలు తిరిగే గొలుసు, నీళ్ళలో బాగా కరుగుతుంది. 3వ కార్బన్‌కు అతుక్కుంటే మ్యూటాన్ అనే మొండి పదార్థం వస్తుంది, అది నీళ్ళలో కరగదు. ఈ 6కూ 3కూ మధ్య తేడాను గుర్తుంచుకోవాలి, పళ్ళ దగ్గరికి వచ్చేసరికి అదే కీలకం.

పేర్లలో కూడా తికమక ఉంది. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. డెక్స్‌ట్రిన్ అంటే స్టార్చ్‌ను విరగ్గొడితే వచ్చే ముక్కలు. డెక్స్‌ట్రాన్ ఈ రెండూ కాదు.

కట్టడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

గొలుసు కట్టడానికి శక్తి కావాలి. మన కాలేయం గ్లూకోజ్‌ను నిలవ చేసుకునే గ్లైకోజెన్ గొలుసు కట్టాలంటే ముందు గ్లూకోజ్‌ను యూడీపీ అనే మరో అణువుకు తగిలించి 'చార్జ్' చేయాలి. కణం తన శక్తిని ఖర్చుపెట్టి చేసే పని ఇది. చక్కెర న్యూక్లియోటైడ్లు అనే ఈ చార్జ్ అయిన రూపాలను కనిపెట్టినందుకే అర్జెంటీనా శాస్త్రవేత్త లూయిస్ లెలోయిర్‌కు 1970లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

డెక్స్‌ట్రాన్‌సుక్రేజ్‌కు అదంతా అక్కర్లేదు. సుక్రోజ్‌లో గ్లూకోజ్‌నూ ఫ్రక్టోజ్‌నూ కలిపే బంధంలోనే చాలినంత శక్తి దాగి ఉంది. కణాలన్నీ నగదులా వాడుకునే ఏటీపీ విడిపోయినప్పుడు వచ్చే శక్తికి అది దాదాపు సమానం. ఎంజైమ్ ఆ బంధాన్ని తెంచి, ఆ శక్తితోనే కొత్త బంధం వేస్తుంది.

ఈ ఎంజైమ్ గురించి ఒక్క విషయమే గుర్తుంచుకోవాలంటే నేను దీన్నే గుర్తుంచుకోమంటాను. బయటి శక్తి అక్కర్లేదు గనకే బ్యాక్టీరియా ఈ ఎంజైమ్‌ను తన కణం బయటికి వదిలేయగలుగుతోంది. బయట ఏటీపీ లేకపోయినా పర్వాలేదు. తడి, సుక్రోజ్ ఉంటే చాలు, కట్టడం మొదలవుతుంది. చెరకు రసం తొట్టైనా, పంటి సందైనా దానికి ఒకటే.

లోపల జరిగేది ఇదీ. ఎంజైమ్‌లో ఒక చిన్న గుంట ఉంటుంది. సుక్రోజ్ అందులోకి రాగానే అక్కడున్న ఆస్పార్టిక్ ఆమ్లం గ్లూకోజ్‌ను పట్టేసుకుంటుంది, ఫ్రక్టోజ్ విడిపోయి బయటికి పోతుంది. కాసేపు గ్లూకోజ్ ఎంజైమ్‌కే అతుక్కుని ఉంటుంది. ఆ క్షణంలో గుంట దగ్గరికి ఎవరు వస్తారో వాళ్ళకు గ్లూకోజ్ దక్కుతుంది. పెరుగుతున్న గొలుసు వస్తే గొలుసు ఒక మెట్టు పొడవవుతుంది. నీటి అణువు వస్తే గ్లూకోజ్ ఊరికే విడిపోతుంది. మాల్టోజ్ లాంటి చిన్న చక్కెర వస్తే దానికి అతుక్కుని పొట్టి గొలుసు తయారవుతుంది. ప్రేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియాకు ఆహారంగా అమ్మే కొన్ని ప్రీబయోటిక్ చక్కెరలను ఈ చివరి దారిలోనే తయారుచేయవచ్చు.

లెక్క చూద్దాం. సుక్రోజ్ అణుభారం 342. అందులోంచి 180 బరువున్న ఫ్రక్టోజ్ బయటికి పోతుంది, గొలుసులో చేరేది 162. అంటే 1 కిలో పంచదార మొత్తం ఈ దారిలోనే పోతే 474 గ్రాముల డెక్స్‌ట్రాన్, 526 గ్రాముల ఫ్రక్టోజ్ వస్తాయి. ఇంతకు మించి డెక్స్‌ట్రాన్ రాదు.

దీనికి తిరగబడ్డ జోడీ కూడా ఉంది. లెవాన్‌సుక్రేజ్ అనే ఎంజైమ్ అదే సుక్రోజ్‌ను తీసుకుని, గ్లూకోజ్‌ను వదిలేసి ఫ్రక్టోజ్‌తో గొలుసు కడుతుంది.

చెరకు ఫ్యాక్టరీలో: పోయిన చక్కెర మీటర్‌కు కనపడదు

ఈ కథ మొదలైందే చక్కెర పరిశ్రమలో. రసం బంకగా మారడం సూక్ష్మజీవుల పనేనని 1861లో లూయీ పాశ్చర్ చెప్పాడు. జర్మనీలో షైబ్లర్ 1874లో ఆ బంకకు డెక్స్‌ట్రాన్ అని పేరు పెట్టాడు. ఫ్రాన్స్‌లో వాన్ టీగెమ్ 1878లో ఆ బ్యాక్టీరియాకు ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్ అని పేరు పెట్టాడు. బ్యాక్టీరియా లేకపోయినా, అది వదిలిన ఎంజైమ్ ఒక్కటే సుక్రోజ్ నుంచి డెక్స్‌ట్రాన్ కట్టగలదని 1941లో అమెరికాలో ఎడ్వర్డ్ హెర్ చూపించాడు.

చెరకు నిలబడి ఉన్నంతకాలం పై తొక్క కాపలా కాస్తుంది. కోసిన చోట ఆ కాపలా పోతుంది. మట్టిలోనూ ఆకుల మీదా ఉండే ల్యూకోనాస్టాక్ కోత మొన నుంచి లోపలికి చేరుతుంది. చేత్తో కొట్టిన నిలువు గడకు రెండు కోత మొనలే. హార్వెస్టర్ ముక్కలు చేసిన చెరకుకు అడుగడుగునా కోతే, కాబట్టి అది ఇంకా త్వరగా పాడవుతుంది. కోతకు ముందు తోట తగలబెట్టే దేశాల్లో కాలి పగిలిన తొక్క మరో దారి ఇస్తుంది. ఫ్యాక్టరీ గేటు ముందు లోడు బండ్లు బారులు తీరినప్పుడు రైతుకు పడే టెన్షన్ గడ ఎండి తూకం తగ్గుతుందని ఒక్కటే కాదు. లోపలి చక్కెర కూడా గంట గంటకూ తరుగుతోంది.

డెక్స్‌ట్రాన్ చేరిన రసం చిక్కగా ఉంటుంది. రసంలోని నీటిని ఆవిరి చేయడం, వడకట్టడం నెమ్మదిస్తాయి. పంచదార పలుకు చతురస్రంగా కట్టకుండా సూదిలా పొడవుగా సాగుతుంది. అలాంటి పలుకుల మీద మొలాసిస్ (పంచదార తీశాక మిగిలే మడ్డి) సరిగా కడుక్కుపోదు. దక్కాల్సిన పంచదారలో కొంత మొలాసిస్‌లోకే జారిపోతుంది.

దీనికన్నా ఇబ్బంది పెట్టేది కొలతలో వచ్చే తప్పు. రసంలో చక్కెరను చాలా చోట్ల 'పోల్' పద్ధతిలో కొలుస్తారు. రసం గుండా పోలరైజ్డ్ (ఒకే తలంలో ఊగే) కాంతిని పంపి, అది ఎంత తిరిగిందో చూస్తారు. సుక్రోజ్ ఆ కాంతిని కుడివైపు తిప్పుతుంది. డెక్స్‌ట్రాన్ కూడా కుడివైపే తిప్పుతుంది, అదీ సుక్రోజ్ కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువగా.

ఉదాహరణకు 100 మిల్లీలీటర్ల రసంలో 15 గ్రాముల సుక్రోజ్ ఉందనుకుందాం. బ్యాక్టీరియా అందులో 0.42 గ్రాములు వాడుకుని 0.20 గ్రాముల డెక్స్‌ట్రాన్ కట్టింది. నిజంగా మిగిలిన సుక్రోజ్ 14.58 గ్రాములు. డెక్స్‌ట్రాన్ మీటర్ మీద 0.60 గ్రాముల సుక్రోజ్‌లా కనపడుతుంది. విడిపోయిన 0.22 గ్రాముల ఫ్రక్టోజ్ కాంతిని ఎడమవైపు తిప్పి సుమారు 0.31 తగ్గిస్తుంది. రీడింగ్ 14.87 వస్తుంది. పోయింది 0.42 అయితే మీటర్ చెప్పేది 0.13.

కథ ఇంకా ఉంది. ల్యూకోనాస్టాక్ ఫ్రక్టోజ్‌ను మానిటాల్ అనే మరో పదార్థంగా మార్చేస్తుంది. మానిటాల్ కాంతిని దాదాపు తిప్పదు. ఫ్రక్టోజ్ మొత్తం అలా మారిపోయిందనుకుంటే రీడింగ్ 15.18 అవుతుంది. అంటే చక్కెర పోయిన తర్వాత మీటర్ మొదటికంటే ఎక్కువ చూపిస్తుంది! అసలు నమూనాలను కొలతకు ముందు శుభ్రం చేసేటప్పుడు కొంత డెక్స్‌ట్రాన్ పోతుంది గనక అంకెలు ఇంత కచ్చితంగా రావు, కానీ తప్పు జరిగే దిశ ఇదే. చెరకు ఎంత పాడైందో తెలుసుకోడానికి ఇప్పుడు మానిటాల్‌నే గుర్తుగా కొలుస్తున్నారు.

అయితే నిలవ చెరకు నష్టమంతా ఈ ఎంజైమ్ నెత్తిన వేయడం న్యాయం కాదు. చెరకులోనే ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా చీల్చి వదిలేస్తుంది, గొలుసులేమీ కట్టదు. ఏది ఎక్కువ నష్టం చేస్తుందన్నది వాతావరణాన్ని బట్టీ, కోసిన తీరును బట్టీ మారుతుంది. ఎండ తీవ్రంగా ఉండి నిలువు గడలు ఎండుతుంటే ఇన్వర్టేజ్‌ది పైచేయి. వానలో, బురదలో, ముక్కలైన చెరకులో డెక్స్‌ట్రాన్‌ది పైచేయి. నిలవ చెరకు రసంతో వండితే బెల్లం గట్టిపడదని అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్ళకు బాగా తెలుసు. అక్కడ ప్రధాన దోషం ఇన్వర్టేజ్ చీల్చిన చక్కెరలదే.

వైద్యం రెండు రకాలు. కోసిన చెరకును ఒక రోజులోపే ఆడటం, మిల్లులో రసం పారే గాడులను తరచూ వేడి నీటితోనో ఆవిరితోనో కడగటం మొదటిది. బంక పట్టేశాక డెక్స్‌ట్రానేజ్ అనే మరో ఎంజైమ్ కలిపి గొలుసులను తెంచడం రెండోది. దానివల్ల చిక్కదనం తగ్గుతుంది. పోయిన సుక్రోజ్ మాత్రం తిరిగి రాదు.

పంటి మీద: ఆమ్లమా, బంకా?

నోట్లో ఈ పనిచేసేది స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బ్యాక్టీరియా. పుచ్చు పళ్ళలోంచి దీన్ని 1924లో లండన్‌లో జె. కిలియన్ క్లార్క్ వేరుచేశాడు. ఇది మూడు ఎంజైమ్‌లను వదులుతుంది. ఒకటి ప్రధానంగా కరగని 1-3 గొలుసులు కడుతుంది, ఒకటి కరిగే 1-6 గొలుసులు కడుతుంది, మూడోది రెండూ కలిపి కడుతుంది. కరగని గొలుసు పంటిని పట్టుకుని కూర్చుంటుంది. దాని చుట్టూ బ్యాక్టీరియా గూడు కట్టుకుంటుంది. లోపల తయారైన ఆమ్లాన్ని లాలాజలం వెంటనే కడిగేయలేదు.

ఈ ఎంజైమ్‌లకు ముడిసరుకు సుక్రోజ్ ఒక్కటే. విడి గ్లూకోజ్‌తోనో ఫ్రక్టోజ్‌తోనో ఇవి గొలుసు కట్టలేవు, ఎందుకంటే బంధంలో దాచుకున్న శక్తి వాటిలో లేదు. అందుకే పళ్ళ విషయంలో సుక్రోజ్‌ది రెట్టింపు దోషం. అది ఆమ్లానికీ ముడిసరుకే, బంకకూ ముడిసరుకే. ఈ ఎంజైమ్‌ల జన్యువులను పాడుచేసిన బ్యాక్టీరియాను ఎలుకల నోట్లో వేసి పంచదార తినిపిస్తే, నున్నటి పంటి గోడల మీద పుచ్చు బాగా తగ్గింది.

దీన్ని బట్టి కొందరు మ్యూటాన్స్‌నూ దాని ఎంజైమ్‌లనూ అసలు దోషులుగా చూస్తారు. 1970ల్లో దంత పరిశోధకుడు వాల్టర్ లోష్ ముందుకు తెచ్చిన వాదన ఈ కోవలోదే: పాచిలోని బ్యాక్టీరియా అన్నీ కాదు, కొన్నే రోగం తెస్తాయి. 1994లో మరో పరిశోధకుడు ఫిలిప్ మార్ష్ ఇంకో కోణం చూపించాడు. మ్యూటాన్స్ ఆరోగ్యంగా ఉన్న నోళ్ళలోనూ ఉంటుంది, అది దాదాపు లేని చోట కూడా పళ్ళు పుచ్చుతాయి. మాటిమాటికీ తీపి తినడంతో నోట్లో ఆమ్లం నిలిచిపోతే, ఆమ్లానికి తట్టుకునే జాతులన్నీ బలపడతాయి, మ్యూటాన్స్ వాటిలో ఒకటి మాత్రమే అన్నది ఆయన వాదన. ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు మార్ష్ వైపే మొగ్గుతున్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది, కానీ బంక పాత్రను అది కొట్టిపారేయదు. ఆమ్లాన్ని పంటికి అంటిపెట్టి నిలిపేది ఆ బంకే.

ఎంత తిన్నాం అన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నాం, ఎంతసేపు అంటుకుని ఉంది అన్నవే ముఖ్యమని చూపించిన పరిశోధన స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆస్పత్రిలో 1940ల్లో మొదలైంది. భోజనంతో పాటు ఇచ్చిన చక్కెర పెద్దగా హాని చేయలేదు. భోజనాల మధ్య ఇచ్చిన జిగురు టాఫీలు పళ్ళను దెబ్బతీశాయి. అక్కడున్నవాళ్ళు మానసిక ఎదుగుదల లేని రోగులు. వాళ్ళ అనుమతి లేకుండానే పళ్ళు పుచ్చేలా తినిపించారు. ఆ ఫలితాలను ఇవాళ వాడుకునేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పి తీరాలి.

బెల్లంలో ఇనుము, ఖనిజాలు కొంత ఉన్నా అందులో అధిక భాగం సుక్రోజే. బ్యాక్టీరియా ఎంజైమ్‌కు పంచదార పలుకు, బెల్లం ముక్క రెండూ ఒకటే. పైగా నువ్వుల చిమ్మిలి, వేరుశనగ పాకం పట్టీ లాంటివి పంటికి అంటుకుని ఎక్కువసేపు ఉంటాయి. చక్కెరకు బదులుగా వాడే జైలిటాల్‌ను మాత్రం ఈ ఎంజైమ్ వాడుకోలేదు.

డెక్స్‌ట్రానేజ్ కలిపిన మౌత్‌వాష్‌తో పాచిని కరిగించవచ్చని 1960ల చివర్లో ఆశపడ్డారు. హామ్‌స్టర్లలో పనిచేసింది. మనుషుల్లో ఆశించినంత ఫలితం రాలేదు. డెక్స్‌ట్రానేజ్ తెంచేది 1-6 బంధాలను. పంటికి మొండిగా పట్టుకున్నవి 1-3 బంధాలు.

ఇడ్లీ పిండిలో జిగురు దేనిది?

ఇడ్లీ పిండి పులియడంలో ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్‌ది పెద్ద చేయి. చెరకు రసాన్ని పాడుచేసే జాతే ఇది. కానీ పిండిలో సుక్రోజ్ చాలా తక్కువ, కాబట్టి ఎంజైమ్‌కు కట్టడానికి సరుకు దొరకదు. అది ఇక్కడ చేసే ముఖ్యమైన పని వాయువును, పులుపును ఇవ్వడం. ఆ వాయువును పట్టి ఉంచే జిగురు మినుముల్లోనే సహజంగా ఉండే అరబినోగెలాక్టాన్ అనే పాలిమర్‌ది, ప్రోటీన్లది. అదే జీవి పంచదార దొరికిన చోట బంక కడుతుంది, దొరకని చోట ఇడ్లీ పొంగిస్తుంది.

ఆస్పత్రిలో: ఎంత పొడవు గొలుసు కావాలి?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఆండర్స్ గ్రాన్‌వాల్, బ్యోర్న్ ఇంగెల్మన్ పాడైన బీట్ చక్కెర రసంలోని డెక్స్‌ట్రాన్‌ను పరిశీలిస్తూ, దీన్ని రక్తనాళాల్లోకి ఎక్కించవచ్చని గుర్తించారు. రక్తం పోయిన మనిషికి నాళాల్లో నీటిని పట్టి ఉంచేది ఏదో ఒకటి కావాలి, డెక్స్‌ట్రాన్ ఆ పని చేస్తుంది. 1947లో అది మార్కెట్లోకి వచ్చింది. అమెరికాలో పియోరియా ప్రభుత్వ ప్రయోగశాలలో ఆలీన్ జీన్స్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని పెద్ద ఎత్తున తయారుచేసే దారి వేసింది. బంకగా మారిపోయిన రూట్ బీర్ నమూనా ఒకటి ఆమెకు తోవ చూపింది. కొరియా యుద్ధంలో సైనికులకు డెక్స్‌ట్రాన్ ఎక్కించారు.

బ్యాక్టీరియా కట్టిన గొలుసును ఉన్నదున్నట్టు ఎక్కించలేరు. దాని అణుభారం లక్షల నుంచి కోట్ల వరకు ఉంటుంది, శరీరం దాన్ని ఎదిరిస్తుంది. మరీ పొట్టిగా ఉంటే మూత్రపిండాలు గంటల్లోనే వడకట్టి పారేస్తాయి. అందుకే ఆమ్లంతో ముక్కలు చేసి, మధ్యరకం పొడవును ఏరతారు. సీసా మీద డెక్స్‌ట్రాన్ 70 అని ఉంటే సగటు అణుభారం 70,000 అని అర్థం. దాన్ని 162తో భాగిస్తే సుమారు 432 గ్లూకోజ్‌లు. డెక్స్‌ట్రాన్ 40లో సుమారు 247.

దీని వాడకం ఇప్పుడు బాగా తగ్గింది. కొందరిలో ప్రాణాంతక అలర్జీ రావడం, రక్తం గడ్డకట్టడంలో తేడా రావడం, మూత్రపిండాలకు దెబ్బ తగలడం, ఇంతలో వేరే ద్రవాలు అందుబాటులోకి రావడం కారణాలు. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ డెక్స్‌ట్రాన్ ఇంజెక్షన్‌కు ముందు టెస్ట్ డోస్ ఇచ్చేది కూడా ఆ అలర్జీ భయంతోనే. నోటితో తినే డెక్స్‌ట్రాన్ విషయం వేరు. బేకరీ పదార్థాల్లో 5 శాతం దాకా వాడుకోవడానికి యూరోపియన్ యూనియన్ 2001లో అనుమతించింది.

గొలుసు ఏ కొస నుంచి పెరుగుతుంది?

గొలుసుకు రెండు కొసలు ఉంటాయి. కొత్త గ్లూకోజ్ ఏ కొసకు చేరుతుందన్న దానిపై దశాబ్దాల పాటు వాదన నడిచింది. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జాన్ రాబిట్ బృందం 1974లో రేడియోధార్మిక సుక్రోజ్‌ను కాసేపు మాత్రమే అందించి చూసింది. గుర్తు ఉన్న గ్లూకోజ్, ఎంజైమ్‌ను అంటిపెట్టుకుని ఉండే కొస దగ్గర కనిపించింది. జుట్టు కుదుళ్ళ దగ్గర పెరిగినట్టు గొలుసు ఎంజైమ్ పక్కనే పెరుగుతుందని, అందుకు ఎంజైమ్‌లో గ్లూకోజ్‌ను పట్టే చోట్లు రెండు ఉండాలని వాళ్ళు వాదించారు.

2010లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ శాస్త్రవేత్తలు ఈ కుటుంబంలోని ఒక ఎంజైమ్ స్ఫటిక నిర్మాణాన్ని బయటపెట్టారు. అందులో గ్లూకోజ్‌ను పట్టే గుంట ఒక్కటే ఉంది. కొత్త గ్లూకోజ్ రెండో కొసకు, అంటే స్వేచ్ఛగా ఉండే కొసకు చేరుతుందన్న వాదనకు దీంతో బలం వచ్చింది. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది ఇదే. ఒక్కో గ్లూకోజ్ చేరిన తర్వాత గొలుసు జారిపోకుండా పట్టుకోడానికి ఎంజైమ్‌లో వేరే చోట చిన్న పట్లు ఉన్నాయి, అంత పొడవు గొలుసులు రావడానికి అవి తోడ్పడతాయి.

గుంట చుట్టూ ఉన్న ఒకటి రెండు అమైనో ఆమ్లాలను మారిస్తే, 1-6 కట్టే ఎంజైమ్ కట్టే బంధాల పాళ్ళు మారిపోతాయని ఆ నిర్మాణం చూశాక స్పష్టమైంది. గొలుసు కొస గుంటలోకి ఏ కోణంలో వంగి చేరుతుందో, దాన్ని బట్టే ఏ కార్బన్‌కు గ్లూకోజ్ దక్కుతుందో తేలుతుంది. కావలసిన బంధాన్ని కావలసిన పాళ్ళలో కట్టించే ఎంజైమ్‌ల తయారీకి, పంచదార నుంచే కరగని 1-3 గ్లూకాన్ (గ్లూకోజ్ గొలుసు) తీసి దారంగా, పూతగా వాడే ప్రయత్నాలకు ఇప్పుడు ఆధారం ఈ అవగాహనే.